వికేంద్రీకృత నిల్వ: పెద్ద క్లౌడ్ సంస్థలకు ప్రత్యామ్నాయాన్ని మీ చేతులతో మీరే కట్టుకోవడానికి సమగ్ర మార్గదర్శి

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవలో బిల్లింగ్ వ్యవస్థ లోపాన్ని సరిచేస్తున్న ఒక ఉద్యోగి, కొద్దిపాటి సర్వర్లను తప్పించడానికి ఇచ్చిన ఆదేశంలో ఒక అంశాన్ని తప్పుగా టైపు చేశారు. దాంతో అనుకున్నదానికంటే ఎన్నో ఎక్కువ సర్వర్లు ఒక్కసారిగా తప్పుకున్నాయి. ఆ సర్వర్ల మీద ఆధారపడిన లెక్కలేనన్ని సైట్లు, యాప్‌లు సుమారు నాలుగు గంటలపాటు నిలిచిపోయాయి. అంతరాయం గురించి జనానికి చెప్పవలసిన అమెజాన్ వారి స్థితి పట్టిక కూడా అదే ఎస్3 మీద నడుస్తున్నందువల్ల, దాన్ని సైతం వెంటనే మార్చలేకపోయారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థకు చెందిన డేటా కేంద్రం ఒకటి మంటల్లో కాలిపోయింది. అసలు డేటాను, బ్యాకప్‌ను ఒకే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారులు కొందరు రెండింటినీ పోగొట్టుకున్నారు.

ఇలాంటివి తరచుగా జరగవు. పెద్ద క్లౌడ్ సంస్థల యంత్రాలు గట్టివే, వాటిని నడిపే ఇంజనీర్లు సమర్థులే. వారిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇబ్బంది ఎక్కడంటే, డేటా, దాన్ని తెరిచే తాళంచెవి, ఖాతాను మూసే అధికారం, ధరను మార్చే హక్కు అన్నీ ఒకే చేతిలో ఉండటంలో ఉంది. వికేంద్రీకృత నిల్వ, అంటే డేటాను ఒకే సంస్థ దగ్గర కాక అనేకమంది యంత్రాల్లో ఉంచే పద్ధతి, ఈ నాలుగింటినీ విడదీస్తుంది. అయితే విడదీసిన బాధ్యతల్లో పెద్ద వాటా మన భుజాల మీదికే వస్తుంది. ఈ రంగంలోకి ఉత్సాహంగా వచ్చి నష్టపోయినవారిలో ఎక్కువమంది ఈ ఒక్క సంగతిని గమనించనివారే. అందుకే కింది ప్రతి అడుగులోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా కోరిక: ఈ డేటాను ఉంచి తీరవలసిన బాధ్యత ఎవరిది? దీని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

మొదటి అడుగు: ఏ డేటా ఎలాంటిదో తేల్చుకోండి

ఏ సాఫ్ట్‌వేర్‌నూ దించుకోకముందే ఒక కాగితం తీసుకుని, మీ దగ్గర ఉన్నదాన్ని మూడు రకాలుగా విడగొట్టండి. ఎవరు చూసినా ఇబ్బంది లేనివి, నిజానికి నలుగురూ చూడాలని మీరు కోరుకునేవి మొదటి రకం: ప్రచురించిన వ్యాసాలు, బహిరంగ పరిశోధన సమాచారం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు. మీరు తప్ప ఎవరూ చూడకూడనివి రెండో రకం: కుటుంబ ఫొటోలు, ఒప్పందాలు, వైద్య పత్రాలు, లెక్కల పుస్తకాలు. మూడోది ఇతరుల వ్యక్తిగత సమాచారం, అంటే మీ సంస్థ దగ్గర ఉన్న ఖాతాదారుల వివరాల వంటివి.

మూడో రకం విషయంలో తొందర వద్దు. ఐరోపా సమాఖ్యలో 2018 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ వంటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు, చాలా సందర్భాల్లో సంబంధిత వ్యక్తి కోరితే అతని సమాచారాన్ని తొలగించవలసిన బాధ్యతను పెడతాయి. శాశ్వతంగా నిలిచే నెట్‌వర్క్‌లో ఒకసారి పెట్టినదాన్ని తొలగించడం మీ చేతిలో ఉండదు. అలాంటి డేటాకు తొలగింపు సాధ్యమయ్యే వ్యవస్థనే ఎంచుకోండి, లేదా దాన్ని ఇప్పుడున్న చోటనే ఉంచండి.

ప్రతి రకం పక్కన దాని పరిమాణాన్ని, అది ఎంత తరచుగా మారుతుందో కూడా రాసుకోండి. 500 జీబీ డేటాను సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపడానికి దాదాపు 55 గంటలు పడుతుంది. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే, తరువాత వచ్చే కొన్ని నిర్ణయాలు సులువవుతాయి.

రెండో అడుగు: మూడు మూల సూత్రాలను అర్థం చేసుకోండి

పనిముట్లు మారుతూ ఉంటాయి, సూత్రాలు మారవు. వీటిమీద కొంత సమయం పెట్టినవారికి ఏ కొత్త సేవ వచ్చినా దాని బలాబలాలు తెలిసిపోతాయి.

మొదటి సూత్రం, విషయాన్ని బట్టి చిరునామా. మామూలు వెబ్ చిరునామా ఒక స్థలాన్ని చూపిస్తుంది. ఆ స్థలంలో ఈ రోజు ఒక ఫైలు, రేపు ఇంకొకటి ఉండవచ్చు. 2015లో వెలువడిన ఐపీఎఫ్ఎస్ వంటి వ్యవస్థల్లో చిరునామా ఫైలు లోపలి విషయం నుంచే పుడుతుంది. ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు షా-256 వంటి పద్ధతితో హ్యాష్ (విషయాన్ని బట్టి మారే, వేలిముద్ర లాంటి సంఖ్య) కట్టి, ఆ హ్యాష్‌లన్నిటినీ చెట్టు ఆకారంలో పేర్చి, పైనున్న వేరుకు వచ్చే హ్యాష్ నుంచి చిరునామాను తయారుచేస్తారు. ఈ చెట్టు ఆలోచన 1979 నాటి రాల్ఫ్ మెర్కిల్‌ది. రెండు వందల పేజీల పుస్తకంలో ఒక్క కామాను తీసేసి, ఆ పుస్తకాన్ని మళ్లీ ఐపీఎఫ్ఎస్‌లో చేర్చి చూడండి: పాత చిరునామాకూ కొత్తదానికీ పోలికే ఉండదు. కాబట్టి ముక్కు మొహం తెలియని యంత్రం నుంచి ఫైలు వచ్చినా, అది అసలైనదో కాదో మీ కంప్యూటరే తేల్చగలదు. పంపినవారిని నమ్మవలసిన పని లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చిరునామా ఉన్నంతమాత్రాన ఆ ఫైలు ఎక్కడో ఒకచోట నిలిచి ఉందని అర్థం కాదు. నేను తొలిరోజుల్లో కొన్ని ధ్వనిముద్రణలను నా ల్యాప్‌టాప్ నుంచి ఐపీఎఫ్ఎస్‌లో చేర్చి, చిరునామాను ఒక మిత్రుడికి పంపి, నెట్‌వర్క్ వాటిని దాచుకుంటుందన్న ధీమాతో ఉన్నాను. కొన్ని నెలల తరువాత ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టంను మళ్లీ వేశాను. ఆ మిత్రుడు లింకు తెరుచుకోవడం లేదని చెప్పినప్పుడు గానీ, ఆ ముక్కలను ఉంచుకున్న యంత్రం ప్రపంచం మొత్తంలో నాది ఒక్కటేనని నాకు తెలియలేదు. చిరునామా ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని వెనక ఉండవలసిన గొంతులు లేవు.

రెండో సూత్రం, ముక్కలను గణితంతో పెంచడం. దీన్ని ఎరేజర్ కోడింగ్ అంటారు. ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ 1960లో ప్రచురించిన పద్ధతి దీనికి ఆధారం. చిన్న ఉదాహరణతో చూద్దాం. దాచవలసిన సంఖ్యలు 7, 5 అనుకోండి. వాటి మొత్తం 12ను మూడో ముక్కగా, మొదటిదానికి రెండోదాన్ని రెండుసార్లు కలిపితే వచ్చే 17ను నాలుగో ముక్కగా తయారుచేసి, నాలుగింటినీ నలుగురికి ఇవ్వండి. 7, 5 ఉన్న ఇద్దరూ మాయమైనా భయం లేదు. 17లోంచి 12 తీసేస్తే 5 వస్తుంది, 12లోంచి 5 తీసేస్తే 7 వస్తుంది. నలుగురిలో ఏ ఇద్దరు మిగిలినా సరిపోతుంది.

ఇదే లెక్కను పెద్ద ఎత్తున చేస్తే ఫలితం ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక ఫైలుకు మూడు ప్రతులు ఉంచితే మూడింతల స్థలం పడుతుంది. రెండు ప్రతులు పోయినా తట్టుకుంటుంది, మూడోదీ పోతే అంతే సంగతులు. అదే మూడింతల స్థలంలో సియా నెట్‌వర్క్ డేటాను 30 ముక్కలు చేస్తుంది. వాటిలో ఏ 10 దొరికినా ఫైలు తిరిగి వస్తుంది, అంటే 20 ముక్కలు పోయినా నష్టం లేదు. స్టోర్జ్ అనే మరో నిల్వ సేవ తన రూపకల్పన పత్రాల్లో వివరించిన అమరికలో 80 ముక్కలు ఉంటే 29 చాలు. అయితే ఈ లెక్కలన్నీ ముక్కలు ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్ల ఉన్నప్పుడే నిజమవుతాయి. అన్ని ముక్కలూ ఒకే గదిలోని యంత్రాల్లో ఉంటే ఒక్క విద్యుత్ ప్రమాదం చాలు.

మూడో సూత్రం, నిరూపణ. మీ డేటాను ఉంచుతానన్న అపరిచితుడు నిజంగానే ఉంచాడా, లేక డబ్బు తీసుకుని చెరిపేశాడా? 2020 అక్టోబరులో ప్రధాన నెట్‌వర్క్‌ను ప్రారంభించిన ఫైల్‌కాయిన్ అనే నిల్వ వ్యవస్థ, దాచినవారు తమ దగ్గర ఆ ప్రతి నిజంగా ఉందని రోజుకొకసారి గణిత రూపంలో నిరూపించుకోవాలని, లేకపోతే తాకట్టు పెట్టిన సొమ్ములో కోత పడుతుందని నియమం పెట్టింది. సియాలో నిల్వ ఇచ్చేవారు ఒప్పందంతోపాటు పూచీ సొమ్ము కడతారు. స్టోర్జ్‌లో శాటిలైట్ అనే సమన్వయ సర్వర్లు నోడ్‌లను, అంటే డేటాను దాచే యంత్రాలను, తనిఖీ చేస్తుంటాయి. బాధ్యత ఎవరిదన్న మన మొదటి ప్రశ్నకు జవాబు ప్రతి వ్యవస్థలోనూ ఇక్కడే దొరుకుతుంది. ఐపీఎఫ్ఎస్‌లో మాత్రం ఈ జవాబు ఖాళీగా ఉంటుంది. దాన్ని మీరే పూరించాలి.

మూడో అడుగు: అవసరానికి తగిన నెట్‌వర్క్‌ను ఎంచుకోండి

బహిరంగ ఫైళ్లకు ఐపీఎఫ్ఎస్ బాగుంటుంది. వ్యక్తిగత బ్యాకప్‌కు స్టోర్జ్ లేదా సియా నా ఎంపిక. స్టోర్జ్ సులువు, ఎస్3 పద్ధతిలో పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా కలుస్తుంది. కానీ శాటిలైట్లను నడిపేది ఒక సంస్థే కాబట్టి, ముక్కలు చెదిరి ఉన్నా వాటి పట్టిక ఒకచోటే ఉంటుంది. సియాలో ఆ మధ్యవర్తి లేడు. దానికి బదులు రెంటర్‌డీ అనే ప్రోగ్రామ్‌ను మీరే నడుపుతూ, ఒప్పందాలు గడువులోగా పునరుద్ధరణ అయ్యేలా, పోయిన ముక్కల స్థానంలో కొత్తవి చేరేలా దాన్ని తరచుగా ఆన్‌లైన్‌లో ఉంచాలి. వాలెట్‌లో సియాకాయిన్ (ఆ నెట్‌వర్క్ చెల్లింపులకు వాడే డిజిటల్ టోకెన్) నిల్వ అడుగంటకుండా చూసుకోవాలి. ఈ శ్రద్ధ పెట్టలేనివారు స్టోర్జ్‌తో మొదలుపెట్టడమే మేలు.

ఫైల్‌కాయిన్ పెద్ద భాండాగారాలకు తగినది. అక్కడ డేటాను 32 లేదా 64 గిబీల (గిబిబైట్లు, జీబీకి దగ్గరి కొలత) సెక్టార్లలో సీలు చేస్తారు, అంటే నిరూపణకు వీలయ్యే ప్రత్యేక రూపంలోకి మారుస్తారు. సీలు చేయని ప్రతిని విడిగా ఉంచకపోతే తిరిగి తీసుకోవడానికి చాలాసేపు పట్టవచ్చు. కొద్దిపాటి కుటుంబ ఫొటోలకు అది అవసరానికి మించిన యంత్రాంగం. 2018లో మొదలైన ఆర్‌వీవ్‌లో ఒకసారి చెల్లిస్తే, ఆ సొమ్ములో అధిక భాగం నిధిగా చేరి దీర్ఘకాలం నిల్వకు ఖర్చవుతుంది. అక్కడ పెట్టినది బహిరంగం, తొలగించడానికి వీలు లేనిది. చారిత్రక పత్రాలకు అది గొప్ప సదుపాయం, వ్యక్తిగత విషయాలకు మాత్రం పనికిరాదు. ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మార్చి పెట్టినా సరే, ఎప్పుడో ఒకనాడు తాళంచెవి బయటపడితే దాన్ని వెనక్కి తీసుకునే దారి ఉండదు.

డబ్బు, టోకెన్లు ఏవీ వద్దనుకునే చిన్న బృందాలకు 2007 నుంచి అందుబాటులో ఉన్న టాహో-లాఫ్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. దాని గురించి ఆరో అడుగులో చెబుతాను.

నాలుగో అడుగు: వ్యక్తిగత డేటాను ముందు ఎన్‌క్రిప్ట్ చేయండి, తరువాతే పంపండి

ఏ సేవ ఎంత భరోసా ఇచ్చినా, మీ యంత్రం దాటకముందే డేటాకు తాళం పడాలి. దీనికి రెస్టిక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను సిఫారసు చేస్తాను. అది ఫైళ్లను ముక్కలు చేసి, ఒకేలా ఉన్న ముక్కలను ఒక్కసారే దాచి, అన్నిటినీ ఏఈఎస్-256తో ఎన్‌క్రిప్ట్ చేసి, ఏ తేదీన ఏ స్థితి ఉందో స్నాప్‌షాట్‌లుగా గుర్తుంచుకుంటుంది.

స్టోర్జ్ ఉదాహరణగా పని క్రమం ఇది. ముందు స్టోర్జ్‌లో ఖాతా తెరిచి, బకెట్ (ఫైళ్లను ఉంచే అర) ఒకటి సృష్టించి, ఆ ఒక్క బకెట్‌కే పరిమితమైన ప్రవేశ అనుమతిని తయారుచేసుకోండి. ఇక్కడ రెండు దారులు చీలుతాయి. ఆర్‌క్లోన్ అనే, ఫైళ్లను పంపే సాఫ్ట్‌వేర్‌లోని స్టోర్జ్ అనుసంధానంతో నేరుగా పంపితే, ముక్కలు చేసే పని మీ కంప్యూటరే చేస్తుంది. డేటా మధ్యలో ఎవరి చేతిలోనూ తెరుచుకోదు. కానీ అదనపు ముక్కలు కూడా మీ లైన్ మీదుగానే వెళ్లాలి కాబట్టి, పైన చెప్పిన 80కి 29 అమరికలో అయితే అప్‌లోడ్ పరిమాణం సుమారు 2.7 రెట్లు అవుతుంది. ఇందాకటి 55 గంటలు ఆరు రోజులు దాటుతాయి. ఎస్3 గేట్‌వే, అంటే స్టోర్జ్ తరఫున నడిచే మధ్య సర్వర్, దారిలో ఒక ప్రతి పంపితే చాలు, ముక్కలు చేయడం గేట్‌వే చూసుకుంటుంది. అయితే నెట్‌వర్క్ తాలూకు ఎన్‌క్రిప్షన్ కూడా ఆ గేట్‌వే దగ్గరే జరుగుతుంది. రెస్టిక్‌తో ముందే తాళం వేసి పంపుతున్నాం కాబట్టి గేట్‌వే చేతికి అందేది చదవడానికి వీలులేని ముద్ద మాత్రమే. అందువల్ల వేగం తక్కువ ఉన్న ఇంటి లైన్‌కు గేట్‌వే దారినే నేను ఎంచుకుంటాను.

తరువాత రెస్టిక్ ఇనిట్ ఆదేశంతో భాండారాన్ని సృష్టించండి. అది పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ పోతే డేటా తిరిగి రాదని రెస్టిక్ తానే హెచ్చరిస్తుంది, దాన్ని అక్షరాలా నమ్మండి. అది రాసి పెట్టుకున్నాక రెస్టిక్ బ్యాకప్ ఆదేశానికి మీ ఫోల్డర్ దారి ఇవ్వండి. మొదటిసారే అంతా పంపకండి. ఒక్క ఫోల్డర్‌తో మొదలుపెట్టి, అది తిరిగి వస్తోందని రూఢి చేసుకున్నాకే మిగిలినవి పంపండి.

ఒక చిన్న మెలకువ ఇక్కడ చాలా కలిసివస్తుంది. రెస్టిక్ ముక్కలను సుమారు 16 మిబీల (మెబిబైట్లు, ఎంబీకి దగ్గరి కొలత) కట్టలుగా కట్టి పంపుతుంది. స్టోర్జ్ ఫైళ్లను 64 ఎంబీ వరకు ఉండే ఖండాలుగా విడదీస్తుంది కాబట్టి, చిన్న చిన్న కట్టలు లక్షల్లో చేరితే ఖండాల సంఖ్య, దానితోపాటు నిర్వహణ భారం పెరుగుతాయి. ప్యాక్-సైజ్ అనే ఎంపికతో కట్ట పరిమాణాన్ని 60 మిబీల దరిదాపులకు పెంచితే రెండింటికీ పొంతన కుదురుతుంది. సియాలోనూ ఇదే తీరు: అక్కడ ఒక స్లాబ్ (ఒక్కసారిగా ముక్కలు చేసే డేటా దిమ్మ) 40 మిబీలు కాబట్టి, చిన్న ఫైళ్లను కలిపి నింపే ఎంపికను రెంటర్‌డీలో తప్పక ఆన్ చేయండి.

ఐదో అడుగు: బహిరంగ ఫైళ్లను ఐపీఎఫ్ఎస్‌లో నిలబెట్టండి

కూబో అనేది ఐపీఎఫ్ఎస్‌కు గో భాషలో రాసిన ప్రధాన సాఫ్ట్‌వేర్. దాన్ని దించుకుని, ఐపీఎఫ్ఎస్ ఇనిట్ ఆదేశంతో మీ నోడ్‌కు గుర్తింపు సృష్టించి, ఐపీఎఫ్ఎస్ డీమన్‌తో దాన్ని నడపండి. ఇతర నోడ్‌లతో మాట్లాడటానికి అది 4001 పోర్టును వాడుతుంది. రౌటర్‌లో ఆ పోర్టును తెరిస్తే మీ ఫైళ్లు ఇతరులకు తేలికగా అందుతాయి. 5001 పోర్టును మాత్రం పొరపాటున కూడా బయటి ప్రపంచానికి తెరవకండి. అది నోడ్‌ను నియంత్రించే ద్వారం, అక్కడికి చేరగలిగినవారు మీ నోడ్‌ను తమ ఇష్టం వచ్చినట్టు ఆడించగలరు.

ఐపీఎఫ్ఎస్ యాడ్ ఆదేశంతో ఫైలు చేర్చినప్పుడు వచ్చే చిరునామాను సీఐడీ అంటారు. సీఐడీ వెర్షన్‌ను 1గా ఎంచుకోండి, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు కలిసిపోయే పాత రూపం కంటే ఇది బ్రౌజర్లలో సజావుగా పనిచేస్తుంది. ఏ ఎంపికలతో చేర్చారో కూడా రాసి పెట్టుకోండి. అదే ఫైలును వేరే ముక్క పరిమాణంతో చేరిస్తే, విషయం ఒకటే అయినా చెట్టు ఆకారం మారి వేరే సీఐడీ వస్తుంది. ఫైలు చెడిపోయిందేమోనని కంగారుపడే సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఇదే.

యాడ్ చేసిన ఫైలు మీ నోడ్‌లో పిన్ అవుతుంది, అంటే చెత్త ఏరివేతలో పోకుండా రక్షణ పొందుతుంది. కానీ ఒక్క నోడ్‌లో పిన్ చేయడం ఎంత బలహీనమో నా అనుభవంలో చెప్పాను. కనీసం మరో రెండు చోట్ల పిన్ ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం: వేరే ఊళ్లో ఉన్న ఒక మిత్రుడి నోడ్‌లో ఒకటి, పినాటా, ఫైల్‌బేస్ వంటి పిన్నింగ్ సేవల్లో ఒకటి. ఆ సేవ రేపు మూతపడినా సీఐడీ మారదు కాబట్టి, పంచుకున్న లింకులేవీ మార్చకుండానే ఇంకో సేవకు వెళ్లిపోవచ్చు. పెద్ద క్లౌడ్ నుంచి కదలడంలో ఉండే తలనొప్పి ఇక్కడ లేదు, నాకు ఐపీఎఫ్ఎస్‌లో అన్నిటికంటే నచ్చినది ఇదే.

తరచుగా మారే ఫైళ్లకు ప్రతిసారీ కొత్త సీఐడీ వస్తుంది. అందుకు ఐపీఎన్ఎస్ అనే స్థిరమైన పేరునో, మీ డొమైన్‌లోని డీఎన్ఎస్ లింక్ రికార్డునో వాడి, పేరు మారకుండా దాని వెనకనున్న సీఐడీని మాత్రం మార్చుతూ ఉండవచ్చు.

ఇంకొక్క మాట. ఐపీఎఫ్ఎస్ దానంతట అది దేన్నీ ఎన్‌క్రిప్ట్ చేయదు. సీఐడీ తెలిసిన ఎవరైనా ఫైలును తెచ్చుకోవచ్చు. సీఐడీని రహస్యంగా ఉంచితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఏ సీఐడీ తన దగ్గర ఉందో మీ నోడ్ నెట్‌వర్క్‌కు తానే చాటుతూ ఉంటుంది.

ఆరో అడుగు: మీకు తెలిసినవారితో సొంత నెట్‌వర్క్

ఒకరినొకరు నమ్మే ఐదుగురు, వేరు వేరు చోట్ల ఒక్కో చిన్న కంప్యూటర్, దానికి ఒక హార్డ్‌డిస్క్. టాహో-లాఫ్స్‌తో నిల్వ వలయం కట్టడానికి ఇంతకంటే అవసరం లేదు. దాని సహజ అమరికలో డేటాను 10 వాటాలు చేస్తారు, 3 ఉంటే చాలు. ఐదు యంత్రాలకు దాన్ని మార్చి, మొత్తం 5, అవసరమైనవి 2, అప్‌లోడ్ విజయవంతమైనట్టు లెక్కించడానికి కనీసం 4 యంత్రాలు అని పెట్టుకోండి. రెండున్నర రెట్ల స్థలంతో, ఐదు వాటాలూ చేరినప్పుడు మూడు యంత్రాలు పోయినా తట్టుకునే భద్రత వస్తుంది.

ఈ వ్యవస్థలో ఖాతా పేర్లు, పాస్‌వర్డ్‌లు ఉండవు. ప్రతి ఫైలుకూ పొడవైన అక్షరాల వరుసలు ఉంటాయి. అవి ఎవరి దగ్గర ఉంటే వారికే ఆ ఫైలు మీద అధికారం. చదవడానికి ఒకటి, మార్చడానికి ఒకటి, లోపల ఏముందో చూడకుండా వాటాలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేయడానికి మరొకటి. మూడోదాన్ని మిత్రులకు నిశ్చింతగా ఇచ్చి, తనిఖీ పనిని పంచుకోవచ్చు. యంత్రాలు పాడైపోతూ ఉంటాయి కాబట్టి నెలకొకసారి డీప్-చెక్ ఆదేశాన్ని రిపేర్ ఎంపికతో నడిపి, పోయిన వాటాలను తిరిగి పుట్టించండి.

సింక్‌థింగ్ కూడా చాలామంది వాడే మంచి సాధనమే. అయితే అది మీ యంత్రాలన్నిటిలో ఫైళ్లను ఒకేలా ఉంచే సాధనం, ఒక చోట ఫైలు చెరిపేస్తే అన్నిచోట్లా చెరిగిపోతుంది. పాత వెర్షన్లను ఉంచే ఎంపికను ఆన్ చేయకుండా దాన్నే బ్యాకప్ అనుకోవద్దు.

ఏడో అడుగు: తాళంచెవులను కాపాడుకోండి

రెండో ప్రశ్నకు వచ్చాం. ఇకమీదట పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి ఇప్పించే సహాయ కేంద్రం ఉండదు. రెస్టిక్ పాస్‌వర్డ్, స్టోర్జ్ అనుమతి పత్రం, సియా వాలెట్ తాలూకు పదాల వరుస, టాహో అక్షరాల వరుసలు, వీటిలో ఏది పోయినా ఎన్ని వేల నోడ్‌లు ఉన్నా ప్రయోజనం లేదు.

వీటిని రాసిన ఫైలును అదే బ్యాకప్‌లో దాచడం, పెట్టె తాళంచెవిని పెట్టెలోనే వేసి తాళం వేయడం వంటిది. అన్నిటినీ కాగితం మీద స్పష్టంగా రాసి, రెండు వేరు వేరు ఇళ్లలో ఉంచండి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా తెలిసేలా రాయాలి. కాగితం దొరికినవారు దుర్వినియోగం చేస్తారన్న భయం ఉంటే, ఆది షమీర్ 1979లో ప్రతిపాదించిన రహస్య విభజన పద్ధతి ఉంది. పాస్‌వర్డ్‌ను ఐదు వాటాలు చేసి ఐదుగురికి ఇస్తే, ఏ ముగ్గురు కలిసినా అది తిరిగి వస్తుంది, ఇద్దరికి మాత్రం ఏమీ తెలియదు. ఇందాక 7, 5తో చూసిన లెక్కకు ఇది దగ్గర చుట్టమే. మీరు లేని రోజున మీ కుటుంబం ఆ ఫొటోలను తెరవగలగాలంటే, ఏ సాఫ్ట్‌వేర్ దించుకోవాలి, ఏ ఆదేశం ఇవ్వాలి అన్నది సాంకేతికం తెలియనివారికి అర్థమయ్యే మాటల్లో ఒక పేజీ రాసి ఆ కాగితానికి జతచేయండి.

ఎనిమిదో అడుగు: తిరిగి తెచ్చుకుని చూడండి

తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు. వారానికొకసారి రెస్టిక్ చెక్ నడపండి. అది సాధారణంగా పట్టికలను మాత్రమే సరిచూస్తుంది కాబట్టి, నెలకొకసారి రీడ్-డేటా-సబ్‌సెట్ ఎంపికతో 5 శాతం డేటాను నిజంగా దించి పరీక్షించండి. మూడు నెలలకొకసారి మాత్రం అసలు పరీక్ష పెట్టండి: ఇంతకుముందు ఈ పనికి వాడని కంప్యూటర్‌ను తీసుకుని, కాగితం మీద ఉన్న వివరాలతోనే, మీ జ్ఞాపకం మీద ఆధారపడకుండా, ఒక ఫోల్డర్‌ను తిరిగి తెచ్చుకుని, దాని హ్యాష్‌ను అసలుదానితో పోల్చండి. మొదటిసారి ఈ పరీక్షలో నేను తప్పాను. కాగితం మీద పాస్‌వర్డ్ ఉంది గానీ, బకెట్ పేరు రాయలేదు.

ఐపీఎఫ్ఎస్ ఫైళ్లకు పరీక్ష ఇంకా తేలిక. మీ సొంత నోడ్‌ను ఆపేసి, వేరే ఇంటర్నెట్ కనెక్షన్ మీద బహిరంగ గేట్‌వే (ఐపీఎఫ్ఎస్ ఫైళ్లను మామూలు బ్రౌజర్‌లో చూపే సైటు) ద్వారా సీఐడీని తెరవండి. గేట్‌వేలు తాము ఇటీవల తెచ్చిన ఫైళ్లను తమ దగ్గర కొంతకాలం ఉంచుకుంటాయి కాబట్టి, కొన్ని వారాలుగా ఎవరూ తెరవని ఫైలునే ఈ పరీక్షకు ఎంచుకోండి.

తొమ్మిదో అడుగు: పాత ఖాతా నుంచి మెల్లగా బయటికి రండి

పెద్ద క్లౌడ్ ఖాతాను మొదటి రోజే మూసేయకండి. కనీసం ఆరు నెలలు రెండూ పక్కపక్కనే నడవనివ్వండి. ఈలోగా ఇంట్లో విడిగా ఒక హార్డ్‌డిస్క్‌లో మూడో ప్రతిని ఉంచండి. ఏ నెట్‌వర్క్ మీదా ఆధారపడని ప్రతి ఒకటి ఎప్పుడూ చేతికందేంత దూరంలో ఉండాలి. మూడు నెలల పరీక్ష వరుసగా రెండుసార్లు నెగ్గాక, పాత ఖాతాలోని ఫైళ్ల జాబితాను దించుకుని, కొత్త స్నాప్‌షాట్ జాబితాతో వరుసవారీగా పోల్చండి. ఆ ఖాతాలోనే తయారైన పత్రాలు, ఇతరులు మీతో పంచుకున్న ఫోల్డర్లు మీ కంప్యూటర్‌లో నిజమైన ఫైళ్లుగా కాక కేవలం లింకులుగా ఉండే అవకాశం ఎక్కువ. వాటిని మామూలు ఫైలు రూపంలోకి ఎగుమతి చేసి, బ్యాకప్‌లో చేర్చి, మళ్లీ పోల్చి చూడండి. రెండు జాబితాల్లో తేడా ఏమీ లేదని తేలాకే ఖాతాను మూసేయండి.